పావుగంట ఆగాక మొరాయించే ఇంజిన్

హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరిన కారు, మే నెల మధ్యాహ్నం, సూర్యాపేట దాకా ఏ పేచీ లేకుండా వస్తుంది. ఏసీ నడుస్తూనే ఉంటుంది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలకడగా ఉంటుంది. టీకి ఆగి, పావుగంట తర్వాత వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. మళ్లీ తిప్పినా అంతే. చెట్టు నీడన గంటసేపు వదిలేస్తే ఏమీ జరగనట్టు ఒక్క తాళానికే స్టార్ట్ అవుతుంది. మర్నాడు పొద్దున గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడా పదిసార్లు తిప్పితే పదిసార్లూ లేస్తుంది.

యజమాని జేబుకు చిల్లు పడేది ఇక్కణ్నుంచే. ముందు బ్యాటరీ మారుస్తారు. తర్వాత ప్లగ్గులు, ఆపైన పెట్రోల్ పంపు. మార్చిన ప్రతి పార్టూ నాలుగు రోజులు పనిచేసినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ కారు ఊళ్లోనే చిన్నచిన్న దూరాలు తిరిగింది. లోపం దొరకకపోవడానికి మెకానిక్‌కి పని రాకపోవడమే కారణమని అనుకోనక్కర్లేదు. అతను చూసే సమయానికి బండిలో లోపమే లేదు. వేడి మీద పుట్టి, చల్లారగానే మాయమయ్యే లోపాన్ని వేడి మీదే పట్టుకోవాలి. అందుకు ఆ పావుగంటలో బానెట్ కింద ఏం జరుగుతుందో తెలియాలి.

ఇంజిన్ ఆపగానే చల్లబడటం మొదలవుతుందని అనుకుంటాం. బానెట్ కింది భాగాలకు మాత్రం అసలు వేడి అప్పుడే మొదలవుతుంది. నడుస్తున్నంతసేపూ కూలెంట్ పంపు నీటిని తిప్పుతూ ఇంజిన్‌ని 85–95 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. ఎదురుగాలి, ఫ్యాన్ కలిసి బానెట్ కింది వేడిగాలిని వెళ్లగొడతాయి. తాళం తీయగానే నీటి ప్రవాహం ఆగుతుంది, గాలి ఆగుతుంది. వందల డిగ్రీల వేడితో ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాన్ని పట్టుకుని ఉన్న సిలిండర్ హెడ్ తమ వేడిని పోగొట్టుకునే దారి లేక చుట్టూ ఉన్న సెన్సర్లకు, పైపులకు, వైర్లకు పంచుతాయి. పొయ్యి ఆర్పేసినా మూత పెట్టిన గిన్నెలో అన్నం ఇంకాసేపు మగ్గినట్టే ఇది. ఆగిన పది నిమిషాల నుంచి అరగంట లోపల ఈ వేడి తారస్థాయికి చేరి, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది. అందుకే పెట్రోల్ బంకులో రెండు నిమిషాలు ఆగితే లేచే కారు టీ కొట్టు దగ్గర పావుగంట ఆగితే మొరాయిస్తుంది, గంట తర్వాత మళ్లీ మామూలవుతుంది. ఎంతసేపు ఆగాక మొరాయించింది, ఎంతసేపటికి లేచింది అన్నవే ఈ కేసులో మొదటి ఆధారాలు. వీటిని రాసిపెట్టుకునే యజమాని సగం పని చేసినట్టే.

వేడి ఒక్కటే అయితే కారు హైవే మీదే ఆగిపోవాలి కదా? కొన్ని ఆగుతాయి కూడా. ఎక్కువ కార్లు ఆగకపోవడానికి కారణం వేగం. నడుస్తున్న ఇంజిన్ నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంది. సెల్ఫ్ తిప్పేటప్పుడు ఆ వేగం 200–250 చుట్లే. బ్యాటరీ వోల్టేజీ కూడా 12.6 నుంచి పదికి అటూ ఇటూగా పడిపోతుంది. సెన్సర్ పుట్టించే సిగ్నల్, డీజిల్ పంపు తెచ్చే ఒత్తిడి, సిలిండర్‌లో కంప్రెషన్ అన్నీ అత్యంత బలహీనంగా ఉండే క్షణం స్టార్టింగే. వేగం కప్పిపుచ్చిన బలహీనతలన్నీ అప్పుడు బయటపడతాయి. ఇంజిన్ జీవితంలో అత్యధిక వేడి, అత్యల్ప వేగం ఒకేసారి కలిసేది ఈ ఒక్క సందర్భంలోనే. కింద చెప్పే లోపాల్లో చాలావాటికి మూలం ఈ కలయికే.

మొదట తేల్చుకోవాల్సింది సెల్ఫ్ తిరుగుతోందా లేదా అన్నది. టక్కుమని ఒక చప్పుడు చేసి ఊరుకున్నా, మూలుగుతూ తిరిగినా పెట్రోల్ జోలికి, సెన్సర్ల జోలికి వెళ్లక్కర్లేదు. సెల్ఫ్ మోటారు లోపల ఉన్నది రాగి తీగ చుట్ట. రాగి వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ దాని విద్యుత్ నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వెళ్తే నిరోధం దాదాపు మూడో వంతు పెరిగినట్టు. మానిఫోల్డ్ పక్కనే సెల్ఫ్ ఉన్న ఇంజిన్లలో అంత వేడి వింతేమీ కాదు. మోటారు, సోలినాయిడ్, కేబుళ్లు కొత్తగా ఉన్నప్పుడు ఈ నష్టాన్ని తట్టుకుంటాయి. బుష్‌లు అరిగి, కార్బన్ బ్రష్‌లు పొట్టివై, బ్యాటరీ టెర్మినల్ దగ్గర తెల్లటి చిలుము పట్టిన పాత బండి తట్టుకోలేదు. ఇక్కడ బ్యాటరీ మీద నేరం మోపేముందు ఒక సంగతి ఆలోచించాలి. తెల్లవారుజామున ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు గిర్రున తిప్పిన బ్యాటరీ, ఆయిల్ పలచబడ్డ మధ్యాహ్నం తిప్పలేకపోతుందా? వేడిగా ఉన్న బ్యాటరీ నిజానికి ఎక్కువ కరెంటే ఇస్తుంది. మల్టీమీటర్ ఒక కొసను బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకో కొసను సెల్ఫ్ పెద్ద టెర్మినల్ మీద పెట్టి తాళం తిప్పించాలి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారిలోనే కరెంటు పోతోంది. ఇంజిన్ బ్లాకుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కూడా అలాగే చూడాలి. ఎర్త్ తీగను ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో అనుమానించాల్సిన వాటిలో అది ముందుండాలి.

సెల్ఫ్ బాగానే తిరిగి ఇంజిన్ అందుకోకపోతే కథ చిక్కబడుతుంది. ఇప్పటి పెట్రోల్ కారులో ప్లగ్గులో నిప్పు ఎప్పుడు రావాలో, ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో ఈసీయూ అనే కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అందుకు దానికి తెలియాల్సిన మొదటి సంగతి క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడుందన్నది. ఆ కబురు మోసేది క్రాంక్ పొజిషన్ సెన్సర్. బొటనవేలంత ఉండే ఈ పార్టు ఇంజిన్ ఒంటికే బిగించి ఉంటుంది. చాలా ఇంజిన్లలో దాని ఎదురుగా 60 పళ్లకు రెండు పళ్లు తీసేసిన చక్రం తిరుగుతుంది. పన్ను దాటినప్పుడల్లా సెన్సర్ ఒక చిన్న విద్యుత్ తరంగం పంపుతుంది. రెండు పళ్లు లేని చోటు ఈసీయూకి గుర్తు.

ఈ సెన్సర్లలో ఒక రకం తయారీలో, అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి, ప్లాస్టిక్‌తో పోతపోస్తారు. రాగి కన్నా ప్లాస్టిక్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఏళ్ల తరబడి రోజూ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ప్లాస్టిక్ తీగను లాగుతూ వదులుతూ ఉంటుంది. చివరికి ఏదో ఒకచోట తీగ తెగుతుంది. తెగిన కొసలు చల్లగా ఉన్నప్పుడు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, కరెంటు పారుతుంది. వేడెక్కితే విడిపోతాయి. తీగ పూర్తిగా తెగక ముందే ఇంకో దశ ఉంటుంది. ఈ రకం సెన్సర్ వోల్టేజీ చక్రం వేగాన్ని బట్టి ఉంటుంది. మూడు వేల చుట్ల దగ్గర సిగ్నల్‌కి కొరతే ఉండదు. 200 చుట్ల దగ్గర అది అసలే బొటాబొటి. వేడికి నిరోధం పెరిగి, అయస్కాంతం కాస్త నీరసించి, సిగ్నల్ ఈసీయూ గుర్తించే గీతకు దిగువన పడితే నిప్పూ లేదు, పెట్రోలూ లేదు. హైవే మీద తప్పు కనిపించకపోవడానికి ఇదే కారణం.

దీన్ని దారి పక్కనే పట్టుకోవచ్చు. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్త కదులుతుందా అని చూడాలి. కొన్ని కార్లలో ఆ వేగం దగ్గర ముల్లు ఎలాగూ కదలదు కాబట్టి ఈసీయూకి తగిలించి లోపలి అంకెలు చదివే స్కానర్‌లో ఆర్‌పీఎం అంకె చూడటం నమ్మకమైన పద్ధతి. ఇంజిన్ తిరుగుతుంటే స్కానర్ సున్నా చూపిస్తే అనుమానం దాదాపు రుజువైనట్టే. క్రాంక్ సెన్సర్ లోపానికి గుర్తైన కోడ్ పి0335 కనబడితే ఇంకా మంచిది, కానీ కోడ్ లేనంత మాత్రాన సెన్సర్ మంచిదని కాదు. చేతికి అందే చోట ఉంటే సెన్సర్ మీద మాత్రం తడిగుడ్డ వేసి అయిదు నిమిషాలు ఆగి తిప్పి చూడాలి. లేస్తే దొంగ దొరికినట్టే. బకెట్టుతో నీళ్లు ఇంజిన్ మీద కుమ్మరించకూడదు. కాలుతున్న పోత ఇనుము, అల్యూమినియం హఠాత్తుగా చల్లబడితే పగుళ్లిస్తాయి.

వేడికి మొండికేసే ఎలక్ట్రానిక్ భాగాల చరిత్ర పాతదే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1983 నుంచి ఎన్నో మోడళ్లలో ప్లగ్గుల నిప్పును నియంత్రించే ఇగ్నిషన్ మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూటర్ ఒంటికే బిగించింది. ఇంజిన్ వేడి నేరుగా దానికే తగిలేది. వేడెక్కితే ఆగిపోవడం, చల్లారితే మళ్లీ పనిచేయడం. ఆ వ్యవహారం కాలిఫోర్నియాలో కోర్టుకెక్కి, 2001లో రాజీతో ముగిసింది. అసలు తగువంతా ఆ భాగాన్ని పెట్టిన చోటు గురించే. ఇంజిన్ గదిలో ఏ భాగం ఎక్కడ కూర్చుందన్నది అది ఎంత మంచిదన్న దానితో సమానంగా ముఖ్యం.

వేడి ఇంజిన్ నుంచే రానక్కర్లేదు. పెట్రోల్ పంపుకి కరెంటు ఇచ్చే రిలే కొన్ని పాత కార్లలో డాష్‌బోర్డ్ కింద ఉంటుంది. దాని సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ అతుకుల చుట్టూ కంటికి కనిపించనంత సన్నని పగులు పడుతుంది. ఎండలో మూడు గంటలు నిలబెట్టిన కారు లోపలి వేడికి ఆ పగులు తెరుచుకుంటుంది. దూరం నడిపినందుకు కాక ఎండలో నిలబెట్టినందుకు మొరాయించే కారులో బానెట్ ఎత్తడం దండగ. అద్దాలు దించి, రిలే చల్లబడనిచ్చి చూడాలి.

ఇక పెట్రోల్. ఇక్కడ వేడి రెండు వ్యతిరేక దారుల్లో దెబ్బకొడుతుంది. అందేది మరీ ఎక్కువ కావచ్చు, మరీ తక్కువ కావచ్చు. రెంటికీ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే కాబట్టి చాలామంది తప్పు దారి పడతారు.

ఎక్కువ కావడానికి తరచూ కారణం కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ఇది చల్లగా ఉంటే ఎక్కువ నిరోధం, వేడెక్కితే తక్కువ నిరోధం చూపించే చిన్న బిళ్ల. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 90 డిగ్రీల దగ్గర రెండు మూడు వందలు. దాని కనెక్టర్‌లో చిలుము పట్టి వెయ్యి రెండు వేల ఓమ్‌లు అదనంగా చేరితే, కాలుతున్న ఇంజిన్‌ని ఈసీయూ తెల్లవారుజామున లేపుతున్న ఇంజిన్ అనుకుంటుంది. పెట్రోల్ అవసరానికి మించి పోస్తుంది. ప్లగ్గులు తడిసిపోతాయి. పొద్దున మాత్రం దివ్యంగా స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే అప్పుడు సెన్సర్ చెప్పేది నిజానికి దగ్గరగానే ఉంది. తీగ పూర్తిగా తెగితే ఈసీయూ పసిగట్టి లైటు వెలిగిస్తుంది. సగం అబద్ధాన్ని అది పట్టుకోలేదు. కాబట్టి స్కానర్‌లో కోడ్ కోసం వెతకడం కన్నా డిగ్రీల అంకె చదవడం మేలు. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్నే కూలెంట్ అంకె, లోపలికి పీల్చే గాలి అంకె దాదాపు ఒకటే ఉండాలి. హైవే మీద నడిచి ఆగాక కూలెంట్ 90కి అటూ ఇటూ ఉండాలి. 40 చూపిస్తే దొరికినట్టే.

మూతి సరిగా మూసుకోని ఇంజెక్టర్ కూడా ఇదే పని చేస్తుంది. ఆపిన పావుగంటలో పెట్రోల్ చుక్కలు చుక్కలుగా మానిఫోల్డ్‌లోకి కారి ఆవిరైపోతుంది. పెట్రోల్ ఎక్కువైందో లేదో తేల్చే పరీక్ష చాలా కార్లలో పెడల్ దగ్గరే ఉంది. యాక్సిలరేటర్‌ని పూర్తిగా తొక్కిపట్టి అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. అలా తొక్కితే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేసి, గాలి మాత్రమే లోపలికి పంపుతుంది. నల్లటి పొగతో, పెట్రోల్ వాసనతో ఇంజిన్ లేస్తే సిలిండర్లు తడిసి ఉన్నాయన్నమాట.

తక్కువైన సందర్భానికి పరీక్ష తాళంలో ఉంది. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి పంపు రెండు మూడు సెకన్లు జుయ్‌మని ఆగుతుంది. సెల్ఫ్ కొట్టకుండా అలా మూడు నాలుగుసార్లు ఆన్ చేసి ఆఫ్ చేసి, అప్పుడు తిప్పాలి. లేచిందంటే ఆపి ఉంచిన సమయంలో పైపులో ఒత్తిడి పడిపోయి, పెట్రోల్ ఆవిరి బుడగలు కట్టింది. పంపు లోపలి చెక్ వాల్వ్‌ని గానీ, కారుతున్న ఇంజెక్టర్‌ని గానీ అనుమానించాలి.

పెట్రోల్ ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో తేలికవి 35 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీలు దాటినా మిగులుతాయి. కార్బురేటర్ కాలంలో ఇంజిన్ ఒంటికి బిగించిన మెకానికల్ పంపు ట్యాంకు నుంచి పెట్రోల్‌ని పీల్చేది. పీల్చే చోట ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. పంపు నిండా ఆవిరి చేరితే అది ద్రవాన్ని లాగలేదు. అంబాసిడర్, పద్మిని నడిపిన డ్రైవర్లు పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టేది ఇందుకే. అందులో తప్పుబట్టడానికి ఏమీ లేదు. అది పక్కా భౌతికశాస్త్రం. 2000లో దేశమంతటా కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాక ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ విడి ఇంజెక్టర్ ఉండే) కార్లు మామూలయ్యాయి. పంపు ట్యాంకులోకి చేరి, పీల్చడానికి బదులు మూడు బార్ల ఒత్తిడితో నెట్టడం మొదలుపెట్టింది. ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ పెట్రోల్ అంత తేలిగ్గా మరగదు. ఆపాక కూడా ఒత్తిడి నిలిచి ఉండటం ఎంత అవసరమో ఇంజినీర్లకు ముందే తెలుసు. బాష్ కంపెనీ 1973లో తెచ్చిన కె-జెట్రానిక్ ఇంజెక్షన్‌లో స్ప్రింగు ఒత్తిడితో పెట్రోల్‌ని నొక్కిపట్టి ఉంచే చిన్న డబ్బా ఒకటి ఉండేది. దాని ముఖ్యమైన పని ఆపిన తర్వాత ఒత్తిడి పడిపోకుండా కాపాడటం. అది పాడైన కారు వేడి మీద లేచేది కాదు.

ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి ప్రతి మొరాయింపునీ దాని మీదికి నెట్టడం మొదలైంది. ఇథనాల్ ఒంటరిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పెట్రోల్‌లో కొద్ది పాళ్లలో కలిసినప్పుడు మాత్రం మిశ్రమం ఆవిరి ఒత్తిడిని తగ్గించకుండా కాస్త పెంచుతుంది. పాత కార్బురేటర్ బండికి ఇది పట్టించుకోవాల్సిన సంగతే. మూడు బార్ల ఒత్తిడి సరిగ్గా నిలబెట్టుకునే కారు దీనివల్ల మాత్రమే ఆగిపోతుందంటే నేను ఒప్పుకోను. ముందు ఒత్తిడి నిలుస్తోందో లేదో గేజ్ పెట్టి చూడాలి.

డీజిల్ బండ్ల తీరు వేరు. అక్కడ స్పార్క్ ప్లగ్గు లేదు, నిప్పు లేదు; నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి వేడి డీజిల్ ఇంజిన్ ఇంకా తేలిగ్గా లేవాలి. లేవకపోతే అనుమానించాల్సింది పలచదనాన్ని. డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల నుంచి 85 డిగ్రీలకు వెళ్లేసరికి దాదాపు సగానికి పడిపోతుంది. పాత జీపుల్లో, ట్రాక్టర్లలో ఉండే రోటరీ పంపు లోపల రోటర్‌కీ హెడ్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే. నీళ్లో దుమ్మో కలిసిన డీజిల్‌తో అది అరిగితే, చల్లగా చిక్కగా ఉన్న డీజిల్ ఆ సందులో నిలబడుతుంది, వేడిగా పలచబడ్డది జారిపోతుంది. జారడానికి కావాల్సింది సమయం. వేగంగా తిరిగే పంపులో ఆ సమయం దొరకదు, సెల్ఫ్ తిప్పే వేగం దగ్గర కావాల్సినంత దొరుకుతుంది. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి రాదు. పంపు మీద తడి గోనెపట్టా వేసి పది నిమిషాలు ఆగితే లేచే బండికి ‘పంపు పోయింది’ అని డీజిల్ మెకానిక్‌లు తేల్చేది ఈ లెక్కతోనే. తడిపట్టా వేయాలి గానీ, కాలుతున్న పంపు మీద గబుక్కున చన్నీళ్లు పోస్తే బయటి హెడ్ ముందు ముడుచుకుని రోటర్‌ని పట్టేసే ప్రమాదం ఉంది.

ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు (రైల్) నుంచి ఇంధనం అందే కామన్ రైల్ డీజిల్‌లోనూ కథ ఇదే, అంకెలు మాత్రం పెద్దవి. రైల్‌లో ఒత్తిడి సుమారు 200 బార్లు చేరేదాకా చాలా ఇంజిన్లలో ఈసీయూ ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. అరిగిన ఇంజెక్టర్ల నుంచి రిటర్న్ పైపులోకి డీజిల్ ఎక్కువగా పోతుంటే, వేడి మీద 120, 150 దగ్గరే ఒత్తిడి ఆగిపోతుంది. స్కానర్‌లో ఆ అంకె కనిపిస్తుంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్‌లకు నాలుగు సీసాలు కట్టి, ఏది ముందు నిండుతుందో చూస్తే దోషి తెలుస్తుంది. ఈ సీసాల పరీక్షను చల్లటి ఇంజిన్ మీద చేసి ‘అన్నీ బాగున్నాయి’ అనడం తరచూ జరిగే పొరపాటు. కామన్ రైల్ హై ప్రెషర్ పైపు మాత్రం ఎవరూ దారిలో విప్పకూడదు. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ పెట్టిన కార్లలో వాల్వులను తెరిచే టాపెట్లు మరిచిపోకూడదు. గ్యాస్ పొడి ఇంధనం, వాల్వ్ సీటు త్వరగా అరుగుతుంది. అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరిగి టాపెట్ సందు తగ్గిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి పొడవు పెరిగితే ఆ మిగిలిన సందూ పోయి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ చల్లగా ఉన్నప్పుడు ఒక అంకె, వేడిగా ఉన్నప్పుడు అంతకన్నా బాగా తక్కువ అంకె వస్తే సంగతి అదే. టాపెట్ సెట్టింగ్‌తో తీరే పనికి ఇంజిన్ విప్పించుకున్నవాళ్లున్నారు. హెడ్ గాస్కెట్ కారడం ఇంకో రకం. ఆపిన తర్వాత రేడియేటర్ ఒత్తిడి నీటిని సిలిండర్‌లోకి నెడుతుంది. ఒక్క ప్లగ్గు మాత్రమే నీళ్లతో తడిసి, లేవగానే తెల్లటి పొగ వచ్చి, కూలెంట్ తరచూ తగ్గుతుంటే అది వెంటనే చూపించాల్సిన జబ్బు. నిర్ధారణ కోసం వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. మూత కింద నీరు వంద డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఒత్తిడిలో కూర్చుని ఉంటుంది, మూత వదులు కాగానే ముఖం మీదికి ఎగుస్తుంది.

గ్యారేజీలో దీన్ని సరిగ్గా పట్టుకోవాలంటే కారుని పొద్దున వదిలి సాయంత్రం తెచ్చుకుంటే కుదరదు. మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి, బానెట్ ఎత్తకుండా, మొరాయించే సమయం ఎంతో అంతసేపు ఆపాలి. స్కానర్ ముందే తగిలించి ఉండాలి. ఆర్‌పీఎం, కూలెంట్ డిగ్రీలు, డీజిల్ అయితే రైల్ ఒత్తిడి ఒకే తెర మీద పెట్టుకుని అప్పుడు తాళం తిప్పాలి. ఎండాకాలం దాటిపోయి కారు మొరాయించడం మానేసినా దారి ఉంది. క్రాంక్ సెన్సర్‌ని విప్పి హీట్ గన్‌తో ప్లాస్టిక్ కరగకుండా వంద డిగ్రీల దాకా వేడిచేస్తూ మల్టీమీటర్‌లో నిరోధం చూడవచ్చు. తీగచుట్ట రకం సెన్సర్ అయితే నిరోధం వేడితో పాటు నెమ్మదిగా పెరగడం సహజం. ఉన్నట్టుండి అంకె మాయమై, చల్లారాక తిరిగి వస్తే, మార్చాల్సింది ఆ ఒక్క సెన్సరే.